నాణెముతో గీకిన వీపు – ఒక అపార్థపు చరిత్ర

1975 ఏప్రిల్ 30న సైగాన్ పట్టణము ఉత్తర వియత్నాం సేనల వశమయింది. ఆ సంవత్సరంలోనే సుమారు లక్షా ముప్ఫై వేలమంది కాందిశీకులుగా అమెరికా చేరుకున్నారు. సామాన్లు సర్దుకొనే వ్యవధి వారికెక్కడిది? అయినా ఇంటి వైద్యము ఒకటి మాత్రం వారి వెంట వచ్చింది. పేరు ‘కావ్ యో’, అనగా గాలిని గీకివేయుట.

పిల్లవాడికి జలుబో జ్వరమో వస్తే ఒంట్లో చెడుగాలి చేరిందని వారి నమ్మకం. తల్లి వాడి వీపుకూ, మెడకూ, భుజాలకూ నూనె గాని ఘాటైన బాము గాని రాసి, నాణెం అంచుతో ఒకే దిక్కుగా గీకుతుంది. ఎర్రని చారలు తేలేదాకా మానదు. చైనాలో దీన్నే ‘గ్వా షా’ అంటారు. అక్కడ పింగాణీ చెంచా, గేదెకొమ్ము బిళ్ల కూడా వాడతారు. ఇలా రుద్దడం యూనానీ గ్రంథాలకూ కొత్త కాదు లెండి. గరుకుగుడ్డతో రుద్దితే రక్తం చర్మంలోకి త్వరగా వస్తుందని ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’లో రాసే ఉన్నాడు.

ఆ చారలే ఈ కాందిశీకుల కొంప ముంచాయి. బడిలోనో ఆస్పత్రిలోనో చొక్కా విప్పితే వీపు నిండా వాతలు! తల్లిదండ్రులు బిడ్డను కొట్టారని అనుమానం. వీళ్లకా ఇంగ్లీషు రాదు, ఏమని చెప్పుకుంటారు? ఆ టీచర్లను నేను తప్పు పట్టను. నా క్లాసులో అలాంటి వీపు కనబడితే నేనూ అడుగుతాను. కానీ బిడ్డకు మందు వేసిన చేతినే బిడ్డను కొట్టిన చేయి అంటే ఆ తల్లి గతేమిటి? చివరకు 1976లో ‘పీడియాట్రిక్స్’ అనే వైద్య పత్రికలో, ఇవి కొట్టిన దెబ్బలు కావని డాక్టర్లే వ్యాసం రాశారు. అయినా అపార్థం పూర్తిగా పోలేదు. 2001లో చైనా వారు ‘గ్వా షా’ పేరుతోనే సినిమా తీశారు. అందులో అమెరికాలో ఉన్న మనవడికి తాత వైద్యం చేస్తే, కేసు తండ్రి మెడకు చుట్టుకుంటుంది.

అసలు ఆ చార ఏమిటంటే, చర్మం కింది సన్నని నాళాల నుంచి ఊరిన కొద్దిపాటి నెత్తురు. కొన్ని రోజుల్లో మాసిపోతుంది. 2007లో 11 మందిపై పరీక్షించగా, గీకిన చోట రక్తప్రసారం మొదటి కొన్ని నిమిషాలు నాలుగు రెట్లయింది. 2011లో జర్మనీలో, చాలాకాలంగా మెడనొప్పి ఉన్న 48 మందిలో, వేడి కాపు కన్నా దీనివల్ల వారం తరువాత నొప్పి ఎక్కువ తగ్గింది. ఇవి చిన్న పరీక్షలు. వీటిని చూపి జ్వరం కుదురుతుందంటే నేనొప్పుకోను. రక్తం పలచబడే మందులు వాడేవారు దీని జోలికి పోరాదు.

1990 దశకంలో అదే అమెరికాలో డేవిడ్ గ్రాస్టన్ పేరు మీద స్టెయిన్‌లెస్ స్టీలు పనిముట్లు వచ్చాయి. భుజానికీ, మెడకూ క్రీము రాసి వాటితో గీకుతారు. అక్కడా ఎర్రచారలు తేలుతుంటాయి. దానికి శిక్షణ ఉంది, ఫీజు ఉంది. పోలీసులకు మాత్రం ఎవరూ ఫోను చేయరు.