ఆమె ఊరు అడిగింది

మాది చుండూరుకు నాలుగు మైళ్ల దూరంలో ఒక మాలపల్లె. మా అమ్మానాన్నలు కూలోళ్లు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. ఇప్పుడు రేపల్లె వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. పుస్తకంలో ఉన్న చరిత్ర పిల్లలకు చెప్పడం నా ఉద్యోగం. పుస్తకంలో లేని ఒక పది నిమిషాల సంగతి ఇక్కడ రాస్తున్నాను. అందులో నేను గొప్పవాణ్ణేం కాదు. అందుకే ఇన్నేళ్లు రాయలేదు.

2007 కార్తీకమాసం. నేను బాపట్లలో డిగ్రీ మొదటి సంవత్సరం. రోజూ ప్యాసింజరు బండికి వెళ్లి వచ్చేవాణ్ణి. మా ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది. కాలేజీలో కొందరు నన్ను వాళ్లలో ఒకణ్ణి అనుకున్నారు. నేను అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆ 'కాదు' అనకపోవడంలో ఎంత సుఖం ఉందో మా పల్లెల నుంచి వచ్చి చదువుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పక్కన కూచోనిస్తారు. టిఫిన్ బాక్సులో చెయ్యి పెట్టనిస్తారు. పేరుకు ముందు ఇంకో మాట తగిలించరు.

ఒక ఆదివారం వాడరేవులో వాళ్ల కులపోళ్ల వనభోజనాలు. కార్తీకంలో మన దగ్గర చెట్ల కింద కూడా కులాలవారీగానే తింటారు గదా. "నువ్వు కూడా రారా" అన్నారు. పోయాను.

బాపట్ల దాటి స్టూవర్టుపురం స్టేషను రాగానే ఒకడు "జేబులు చూసుకోండ్రోయ్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పుట్టుకతోనే మనుషుల మీద దొంగలని ముద్ర వేసే చట్టం కింద, 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పజెప్పి కాపలా పెట్టిన ఎరుకలోళ్ల సెటిల్‌మెంటు అది. ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు. ఇది నేను తర్వాత చదువుకున్నాను. ఆ రోజు మాత్రం నవ్వాను.

చీరాలలో దిగి ఆటోల్లో వాడరేవు చేరాం. అప్పుడది ప్రకాశం జిల్లా. లైట్‌హౌసు, ఒడ్డున బోల్తా వేసిన పడవలు, ఇసకలో ఆరేసిన చేపలు. సరుగుడు చెట్ల కింద జంపఖానాలు పరిచారు. గాడిపొయ్యి మీద పులిహోరకు అన్నం వండుతున్నారు. గాలి అటు నుంచి ఇటు తిరిగింది. కాస్త దూరంలో ఒక ముసలామె ఎండుచేపల గంప దించుకుని కూచుని ఉంది. చీరాల పోయే ఆటో కోసం చూస్తోంది.

"కార్తీకంలో ఈ నీచు కంపేందిరా, ఆమెను అవతలికి పొమ్మని చెప్పిరా" అని ఒక పెద్దాయన నన్ను పంపాడు. ఎవర్నో ఒకర్ని పంపాలి, దగ్గర్లో ఉన్నవాణ్ణి నేను. తెలిసి పంపలేదు. అయినా ఆ నాలుగు అడుగులు నడుస్తుంటే నా కాళ్లు నావి కాదనిపించింది. మా అమ్మ కూడా అట్లాగే గంప దించుకుని కూచునేది.

"పెద్దమ్మా, కాస్త అవతల కూచుంటావా? వాళ్లు భోజనాలు చేస్తన్నారు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోప్పడలేదు.

"లేస్తాలే నాయనా. మొహం అట్టా వాడిపోయిందేంది? నీళ్లు తాగుతావా?" అని ప్లాస్టిక్ సీసా ఇచ్చింది.

తీసుకున్నాను. ఎత్తి పోసుకోకుండా మూతి పెట్టి తాగాను. దాహంతో తాగానో సిగ్గుతో తాగానో ఇప్పటికీ తేల్చుకోలేను.

"ఏ ఊరు నాయనా?"

"తెనాలి."

"తెనాలా? చుండూరోళ్లు సాల్వేషన్ ఆర్మీ కాంపౌండులో గుడారాలేసుకున్నప్పుడు మేం చీరాల నుంచి పోయి చూసొచ్చాం. మాది కారంచేడులే. అప్పటికి మేం వచ్చి ఆరేళ్లు." కాస్త ఆగి, "మొన్న చుండూరు కేసులో శిచ్చలు పడ్డయ్యంట గదా. మాది ఇంకా డిల్లీలోనే ఉంది. నీకు ఆ ఊరోళ్లు ఎవురన్నా తెలుసా?" అంది.

"నాకు తెలీదు" అన్నాను.

చుండూరు స్టేషను మీదుగా రోజూ పోయే నేను! 1991 ఆగస్టు 6న పట్టపగలు, ఊళ్లో పోలీసులు ఉండగానే, ఎనిమిది మంది దళితుల్ని నరికి, గోతాల్లో కట్టి కాలవలో పడేసిన ఊరది. అప్పుడు నాకు రెండేళ్లు. మా అమ్మ నన్ను చంకనేసుకుని చీకట్లో రైలుకట్ట వెంబడి నడిచింది. చనిపోయినవాళ్లను ఊరి నడిబొడ్డునే పాతిపెట్టి దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏటా మా అమ్మ అక్కడికి పోతుంది. ఆ జులై 31న చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసినప్పుడు మా పల్లెలో అన్నం సయించక కూచున్నవాళ్లు ఉన్నారు, సంతోషంతోనే. ఇదంతా తెలిసి, తెలీదన్నాను. నా వెనక జంపఖానాల మీద వాళ్లున్నారు, వింటారేమోనని. యేసు ఎవరో తెలీదని బొంకిన పేతురు కథ చిన్నప్పుడు మా చర్చిలో ఎన్నిసార్లు విన్నానో.

ఆమె మాత్రం గొంతు తగ్గించలేదు. "రేషను కారట్లో చీరాలనే ఉంటది. ఎవురన్నా అడిగితే కారంచేడనే చెప్తా. కొట్టినోళ్లు ఊళ్లో ఉంటే, దెబ్బలు తిన్నోళ్లం ఊరి పేరు దాచుకోవడమేంది?" అని గంప నెత్తిన పెట్టుకోబోయింది. చెయ్యి సాయం పట్టాను. సీసా నా చేతిలోనే ఉండిపోయింది. "ఉంచుకో" అని వెళ్లిపోయింది. పేరు అడగలేదు.

కారంచేడు గొడవ మొదలైంది నీళ్ల దగ్గరే. 1985 జులై 16న, మాదిగపల్లె తాగే చెరువులో ఒక కామందుల కుర్రాడు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే తప్పని చెప్పిన పిల్లాణ్ణి కొట్టారు. అడ్డుపడి బిందె ఎత్తింది మున్నంగి సువార్తమ్మ. మర్నాడు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. బతికినవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో శిబిరం పెట్టుకున్నారు, తర్వాత అక్కడే కాలనీ కట్టుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం నుంచే. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఆ కన్నీళ్లూ ఉన్నాయి. ఇంకో మాట కూడా రాయాలి. మా నాయనమ్మ బతికినన్నాళ్లూ మాదిగోళ్లింట మంచినీళ్లు తాగలేదు. ఈ మాట దాచి రాస్తే నాది చరిత్ర కాదు.

తిరిగి జంపఖానా దగ్గరికొస్తే "ఏందిరా, ఆమె సీసాతో తాగావా?" అన్నాడొకడు. "దాహమేసింది" అన్నాను. విస్తరేశారు. తిన్నాను. అన్నం గొంతు దిగలేదని రాయొచ్చు గాని, అది అబద్ధం. ఆకలేసింది, తిన్నాను.

2008 డిసెంబరులో సుప్రీంకోర్టు కారంచేడు కేసులో ఒకరికి యావజ్జీవం ఖాయం చేసి, మరికొందరికి మూడేళ్ల శిక్ష వేసింది. ఇరవై మూడేళ్లు పట్టింది. పేపర్లో చదివి ఆమె గుర్తొచ్చింది. 2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు చుండూరు కేసులో శిక్షలన్నీ కొట్టేసింది. నేరం రుజువు కాలేదంది. ఎనిమిది మంది చచ్చిపోయింది నిజం, చంపినవాళ్లే లేరు. ఆ వారం నేను వాడరేవు పోయాను. ఆమెకు చెప్పుకోవాలనిపించింది. ఎండుచేపలమ్మే వాళ్లను నలుగుర్ని అడిగాను. "పేరేంది?" అన్నారు. ఏం చెప్పను? చీరాల కాలనీకి కూడా పోయాను. కారంచేడు నుంచి వచ్చిన ముసలమ్మలు అక్కడ చాలామంది. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఈ మధ్య తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడు, చెడ్డవాడేం కాదు, ఇంట్లో ఎవరో అడిగి రమ్మన్నట్టుంది, "సార్, మీరేవిట్లు?" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దమైంది. వెనక బెంచీల్లో మా పల్లెల పిల్లలు తలొంచుకున్నారు, ఆ ప్రశ్న తమకు పడినట్టే.

"మాది చుండూరు పక్కన మాలపల్లె" అన్నాను. ముందు ఊరు చెప్పాను, తర్వాత కులం చెప్పాను. ఆమె చెప్పినట్టుగానే, గొంతు తగ్గించకుండా. పిల్లాడు కూచున్నాడు. వెనక బెంచీలో ఒక పిల్ల తలెత్తి, "సార్, చుండూరంటే ఏం జరిగింది?" అంది.

ఆ రోజు సిలబస్ పక్కన పెట్టి చెప్పాను. చుండూరు చెప్పాలంటే కారంచేడు చెప్పాలి, కారంచేడు చెప్పాలంటే ఆ చెరువు చెప్పాలి. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. వాడరేవు సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేకపోయాను. ఇక్కడ మీకు చెబుతున్నాను.