కుండీలో పొట్టి టమాటా: రుచికి ఏది, కాపుకి ఏది?

కుందలహళ్ళి అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో బాల్కనీ సాగు చేసేవారు పెరిగారు. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పటి నుంచి సంఘానికి వచ్చేవారు తరచుగా అడుగుతున్నారు: పొట్టి రకాల్లో ఏది వేయాలి? మేమూ ఒకసారి పొట్టి రకమని కొన్న విత్తనం వేస్తే తీగ ఆరడుగులు పాకింది. కాయలు మాత్రం పట్టుమని పది రాలేదు. అందుకే తెలిసిన వివరాలు ఒకచోట పెడుతున్నాం.

పొట్టి అంటే రెండు రకాలు

మొదటిది కొంత ఎత్తు పెరిగి, చివర పూగుత్తి వేసి ఆగిపోయేది. కాపు దాదాపు ఒక్కసారే వస్తుంది. ఢిల్లీ భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారి పూసా ఎర్లీ డ్వార్ఫ్ ఈ కోవదే. నారు నాటిన 75–80 రోజులకు కోతకు వస్తుంది. దీనికి పక్క కొమ్మలు తుంచకూడదు, తుంచితే కాపు పోతుంది.

రెండోది పుట్టుకతోనే పొట్టిది. కాండం లావుగా, ఆకులు ముదురు పచ్చగా, ముడతలుగా ఉంటాయి. నెమ్మదిగా పెరుగుతూ కాస్తూనే ఉంటుంది. 2005 ప్రాంతంలో అమెరికా, ఆస్ట్రేలియా ఇంటితోటల వారు కలిసి మొదలుపెట్టిన డ్వార్ఫ్ టొమాటో ప్రాజెక్టు ఇలాంటి రకాలను వందకు పైగా తెచ్చింది. జానెడు ఎత్తుండే మైక్రో టామ్ కిటికీ గట్టుకు అందమే తప్ప కూరకు చాలదు.

కాపు

మనకు దగ్గరలోని హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ రకాల్లో రెండింటిని పోల్చి చూడండి. రెండూ మధ్యస్థంగా పెరిగేవే. అర్క రక్షక్ హైబ్రిడ్. హెక్టారుకు 75–80 టన్నులు, అంటే ఎకరాకు 30 టన్నుల పైమాటే. ఆకుముడత వైరస్, వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. అర్క వికాస్ హెక్టారుకు 35–40 టన్నులు. కానీ నీటి ఎద్దడిని ఓర్చుకుంటుంది. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన మనకు ఈ గుణం విలువ తెలుసు.

ఇవి పొలం లెక్కలు. కుండీలో కాపును మట్టి, ఎండ, నీరు నిర్ణయిస్తాయి. చిన్న కుండీలో ఎంత గొప్ప హైబ్రిడ్ అయినా అంతంతే.

రుచి

టమాటా రుచి తీపి, పులుపుల పొత్తు. తీపిని తయారుచేసేది ఆకు. కాయలన్నీ ఒకేసారి పట్టి ఆకు తక్కువైతే ఒక్కో కాయకు అందే తీపి తగ్గుతుంది. గుబురుగా ఆకు ఉండే రెండో కోవ పొట్టి రకాలకు అక్కడే మేలు. పులుపు ఎక్కువగా గింజల చుట్టూ ఉండే జిగురులో ఉంటుంది. దూర ప్రయాణానికి తయారైన దళసరి కాయల్లో అది తక్కువ. ఇక్కడివారు నాటి టొమాటో అని అడిగి కొనేది అందుకే.

అర్క వికాస్ పచ్చికాయ భుజాల మీద లేత పచ్చదనం ఉంటుంది. కాయంతా సమంగా ఎర్రబడాలని ఆ పచ్చదనాన్ని తీసేసిన రకాల్లో చక్కెర కూడా తగ్గిందని 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది.

మన వంటింటికి

ఏడాది నిల్వ పచ్చడికి ఒకేసారి కాయ కావాలి కాబట్టి మొదటి కోవ మంచిది. రోజూ చారుకు, పప్పుకు రెండు మూడు కాయలు చాలనుకుంటే అర్క వికాస్ లేదా పుట్టుపొట్టి రకం. తెగుళ్ళతో విసిగినవారికి అర్క రక్షక్.

ఒక్క మాట మరవద్దు. హైబ్రిడ్ కాయ గింజ దాచి వేస్తే అదే గుణం రాదు. ఏటా కొనాల్సిందే. అర్క వికాస్ గింజ దాచుకోవచ్చు. తక్కాళి అనే చిత్తూరు వారైనా, రామ్ములక్కాయ అనే కోస్తా వారైనా, బాగా కాసిన మొక్క నుంచి ఒక పండు విత్తనానికి వదలండి. పక్కింటికీ నాలుగు గింజలు ఇవ్వండి.