ఇమేజి ఫైలు, ఖాళీ సీడీ

1985వ సంవత్సరమున, అమెరికాలో నెవాడా రాష్ట్రమందలి టాహో సరస్సు చెంత హై సియెర్రా అను హోటలులో, కంప్యూటరు వ్యాపారమున పరస్పరము పోటీపడు సంస్థల ప్రతినిధులు సమావేశమై, సీడీపై ఫైళ్ళను ఏ క్రమమున అమర్చవలయునో చర్చించిరి. అంతకు మూడేండ్ల క్రిందట ఫిలిప్స్, సోనీ సంస్థలు సంగీతము నిమిత్తము విపణిలోనికి దెచ్చిన ఆ 12 సెంటీమీటర్ల బిళ్ళ విజ్ఞానభాండాగారము కాగలదని అందఱును గ్రహించియుండిరి గాని, ఒకరు సిద్ధపఱచిన సీడీని వేఱొకరి యంత్రము చదువజాలకుండెను. ఆ గోష్ఠిలో అంకురించిన ప్రణాళికయే స్వల్పమైన మార్పులతో 1988లో ఐఎస్ఓ 9660 అను అంతర్జాతీయ ప్రమాణమై వెలసినది. సీడీకి సంపూర్ణ ప్రతిరూపమైన ఇమేజి ఫైలు పేరు చివర 'ఐఎస్ఓ' యని కనబడుటకు మూలమిదియే.

ఫైళ్ళను కాపీ చేయుట సామానులను మూటగట్టుట వంటిదైన, ఇమేజి తీయుట గోడలు గుమ్మములతో సహా ఇంటినే ఎత్తి తెచ్చుట వంటిది. అందు దత్తాంశము 2048 బైట్ల చొప్పున సెక్టారు వెంబడి సెక్టారుగా నుండును; మొదటి 16 సెక్టారులు వ్యవస్థకై విడువబడి, ఆ తరువాతి సెక్టారు ఆరంభముననే 'సీడీ001' అను ముద్రతో కూడిన పరిచయపత్రము నిలుచును. 1995లో ఏర్పడిన ఎల్ టోరిటో పద్ధతి ననుసరించి, కంప్యూటరును మేల్కొలుపు బూట్ సమాచారము సైత మా చెంతనే యుండును. కావుననే, ఐఎస్ఓ ఫైలును తక్కిన ఫైళ్ళవలె సీడీపై పడవేసి, 'బూట్ కాలేదేమి' యని విస్తుపోయిన వారికి, దానిని 'బర్న్ ఇమేజి' ద్వారానే వ్రాయవలెనని తెలిసినవారు బోధింపవలసి వచ్చెడిది.

కర్మాగారమున అచ్చొత్తిన సీడీపై గుంటలుండును; ఇంట వ్రాయదగిన సీడీ-ఆర్‌పై, 1988లో జపానుకు చెందిన తైయో యూడెన్ సంస్థ చూపిన త్రోవ ననుసరించి, పాలికార్బొనేటు బిళ్ళకును మెఱుగుపొరకును నడుమ ఒక రంగుపొర యుండును. 780 నానోమీటర్ల లేజరు కిరణము ఆ రంగును వేడిచే మార్చుచు, కేంద్రమునుండి అంచువైపునకు, వరుసకు వరుసకు నడుమ 1.6 మైక్రాన్ల ఎడముగల సర్పిలరేఖపై సాగిపోవును. క్షణమాత్రము కంప్యూటరు దత్తాంశము నందింపజాలకపోయినను తొలినాళ్ళలో ఆ సీడీ వ్యర్థమై పోయెడిది. అందుచేతనే సీడీ రైటరు పనిచేయుచుండగా మౌసు ముట్టవలదని ఆంక్ష వెలసినది. 2000 ప్రాంతమున సాన్యో సంస్థ ప్రవేశపెట్టిన బర్న్-ప్రూఫ్ విధానము, ఆగినచోటును గుర్తుంచుకొని అచ్చటినుండియే వ్రాత కొనసాగించుటతో ఆ భయము తొలగినది.

డయలప్ మోడెము సెకనుకు 56 కిలోబిట్ల పూర్ణవేగమున నడచినను, 700 మెగాబైట్ల ఇమేజిని దింపుకొనుటకు దినమునకు మించిన కాలము పట్టెడిది. అట్టి రోజులలో ఒకడు దింపుకొన్న లినక్స్ ఇమేజి పదిమంది చేతులకు సీడీలుగా చేరెడిది; లినక్స్ రకములలో ఒకటైన ఉబుంటు వారు 2005 మొదలు 2011 వఱకు కోరినవారికి ఉచితముగా టపాలో సీడీలను పంపిరి. మన దేశముననే మోజర్ బేర్ సంస్థ ఖాళీ సీడీలను తయారుచేయుటయు ఈ వ్యాప్తికి తోడ్పడినది.

నేడు యూఎస్‌బీ డ్రైవు ఆ స్థానము నాక్రమించినది. క్రొత్త ల్యాప్‌టాపులలో సీడీ డ్రైవు అరుదుగా గాని కానరాదు. ఎండకును వేడికిని ఓర్వలేని ఆ రంగుపొర ఏండ్లు గడచినకొలది క్షీణించును గనుక, పెండ్లి ఫొటోలు, పెద్దల కంఠస్వరములు గల సీడీలు బీరువాలో నున్నవారు, చదువగల డ్రైవు ఇంకను దొరకుచుండగనే వాటిని తిరిగి ఇమేజిలుగా తీసి, ఫైళ్ళు సరిగా తెఱచుకొనుచున్నవో లేదో చూచి, రెండు వేర్వేఱు తావులందు భద్రపఱచుకొనవలయును.