నుంగంబాకం టెన్నిస్ స్టేడియం – ఒక పాత ఫైలు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యవర్గం వారు కోరారు. అలిపిరిలో కాపురముంటూ స్వామివారి సంగతి మాని టెన్నిస్ సంగతి ఎత్తుకున్నాడేమని కొందరు అనుకోవచ్చు. కారణం చివర మనవి చేస్తాను.

చెన్నై నుంగంబాకంలో పూర్వం పెద్ద చెరువు ఉండేది. అది పూడిపోయినా ఆ పేటను ఇప్పటికీ లేక్ ఏరియా అనే అంటారు. 1995 డిసెంబరులో మద్రాసులో దక్షిణాసియా క్రీడలు జరిగినప్పుడు, వాటి కోసం తమిళనాడు ప్రభుత్వం అక్కడ టెన్నిస్ స్టేడియం కట్టించింది. అందులో సుమారు 5,800 మంది కూర్చోవచ్చు.

1996లో ఢిల్లీలో మొదలైన పురుషుల అంతర్జాతీయ టోర్నమెంటు 1997లో ఈ స్టేడియానికి వచ్చింది. ఆ యేడే మన లియాండర్ పేస్, మహేశ్ భూపతి జంట డబుల్స్ గెలిచింది. మరుసటి యేడు సింగిల్స్ విజేత ఆస్ట్రేలియాకు చెందిన పాట్రిక్ రాఫ్టర్. 2008 సెమీఫైనల్లో నాదల్, మోయా దాదాపు నాలుగు గంటలు పోరాడారు. గెలిచి అలసిపోయిన నాదల్ ఫైనల్లో రష్యా ఆటగాడు యూజ్నీ చేతిలో 6-0, 6-1తో ఓడిపోయాడు. 2017 జనవరి వరకు ఏటా ఇక్కడే జరిగిన ఆ టోర్నమెంటు 2018లో పుణెకు తరలిపోయింది.

టెన్నిస్ కోర్టంటే 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు ఉన్న నేల. ఇలాంటి గట్టి కోర్టుకు కాంక్రీటు లేదా తారు పునాది మీద యాక్రిలిక్ పూత పొరలు పొరలుగా వేస్తారు. ఎండకు ఆ పూత పాడవుతుంది. వాలు సరిగా లేకుంటే వాననీరు నిలిచి పొరలు లేస్తాయి. ఆట ఆగినా ఎండావానా ఆగవు గనుక కొన్నేళ్లకొకసారి పూత తిరిగి వేయక తప్పదు.

2022 సెప్టెంబరులో మహిళల అంతర్జాతీయ టోర్నమెంటు చెన్నైకి రావడంతో ఈ స్టేడియాన్ని బాగుచేశారు. పదిహేడేళ్ల చెక్ దేశపు అమ్మాయి లిండా ఫ్రూవిర్తోవా గెలిచింది. 2025లో ఆ టోర్నమెంటు మళ్లీ అక్కడే జరిగింది.

2022 ఫైనల్ నాడు మనవరాలితో కలిసి నేనూ గ్యాలరీలో కూర్చున్నాను. "ఇది కొత్తగా కట్టినారా తాతా?" అని అడిగింది. "లేదమ్మా, మీ నాయన కాలేజీలో చేరిన యేడు కట్టింది" అన్నాను. అంతలో ఒక పాత ఫైలు గుర్తుకొచ్చి, ఆట మీద మనసు నిలవలేదు.

నేను గుమాస్తాగా పనిచేసిన ఒక ఊళ్లో పిల్లల కోసం టెన్నిస్ కోర్టు కట్టారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మూడేళ్లకు కాపలాదారు జీతానికి, చిన్న మరమ్మతులకు కొద్ది మొత్తం కోరుతూ అర్జీ వచ్చింది. "నిర్వహణకు పద్దు లేదు, తిప్పి పంపవచ్చు" అని నోటు రాసింది నేనే. నిబంధనల ప్రకారం అందులో తప్పులేదు. కానీ పద్దు కల్పించే మార్గం చూడవచ్చునని ఇంకొక్క వాక్యం రాసి ఉండవచ్చు. రాయలేదు. నాకు బదిలీ అయ్యేనాటికి కోర్టులో తుమ్మచెట్లు మొలిచాయి. టెన్నిస్ సంగతి ఎత్తుకోవడానికి కారణం ఇదే.

కట్టడానికి మంజూరు దొరికినంత సులభంగా కాపాడుకోవడానికి దొరకదని మన సభ్యులందరికీ అనుభవమే. 2021లో మన అలిపిరి నడకదారిని కొన్ని నెలలు మూసి పైకప్పు కొత్తగా వేశారు. రోజూ వేలమంది ఎక్కే దారి గనుక, ఎక్కడ చెడినా అడిగేవాళ్లుంటారు. పిల్లల ఆటస్థలం గురించి అడిగేవాళ్లెవరు? ఎస్టిమేట్లూ అర్జీలూ రాయడంలో చేయి తిరిగినవారు మన సంఘంలో ఎందరో ఉన్నారు. తమ పేటలోని ఆటస్థలం కోసం తలా ఒక అర్జీ రాయవలసిందిగా మనవి. నా అర్జీ ఇచ్చి వచ్చాను. జవాబు రావలసి ఉంది.