రోము రౌతులూ, మన పిల్లలూ

ఇంగ్లండులో కాపురమున్న తెలుగు కుటుంబాలలో ఏడేండ్ల బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ ఏదో ఒకనాడు రోము సామ్రాజ్యం వచ్చి తీరుతుంది. ఇక్కడి పాఠ్యప్రణాళికలో 7 నుండి 11 ఏండ్ల లోపు పిల్లలకు రోమనుల రాక బ్రిటనును ఎట్లు మార్చిందన్నది ఒక ముఖ్యమైన పాఠం. బిడ్డ అట్టముక్కతో డాలు చేసుకొని ఇంటికి వచ్చి, "గుర్రం మీది సైనికుని గురించి నాలుగు మాటలు చెప్పండి" అని అడుగుతుంది. మంచేనహళ్ళి నుండి గాని, బాగేపల్లి, చింతామణి వైపు నుండి గాని వచ్చిన తల్లిదండ్రులలో పలువురు "అది ఈ దేశపు చరిత్ర, మాకేమి తెలుసునమ్మా" అని తప్పుకోవడం మేము చూస్తున్నాము. తప్పుకోనక్కరలేదు. మన మూట విప్పి చూచుకుంటే అందులో బిడ్డకు చెప్పదగినది చాలా ఉన్నది.

మొదట మాటనే తీసుకుందాము. గుర్రపు సైనికుణ్ణి మనము రౌతు అంటాము. మంచేనహళ్ళిలో ఇంట తెలుగు, బడిలో కన్నడం గదా, కన్నడంలో అతడు రావుత. రౌతు కొద్దీ గుర్రమన్న సామెత మన అవ్వలకు నోటనే ఉండేది. జీను, కళ్ళెం, రికాబు అన్న మాటలు కూడా ఇంట వినిపించాలి. ఆ మాటలు తెలిసిన బిడ్డకు రోము రౌతులో ఒక వింత వెంటనే కనబడుతుంది: అతనికి జీనున్నది, కళ్ళెమున్నది, రికాబు మాత్రం లేదు. కాలు మోపడానికి ఏమీ లేకుండా, ఒక చేత డాలు, ఒక చేత ఈటె పట్టి, పరుగెత్తే గుర్రం మీద పడిపోకుండా ఎట్లా ఉన్నాడు? అతని తోలు జీనుకు నాలుగు మూలలా నాలుగు కొమ్ములుండేవి. ముందు రెండు తొడలను అదిమి పట్టేవి, వెనుక రెండు నడుమును నిలిపేవి. ఇంట్లో సోఫా చేతి మీద బిడ్డను కూర్చోబెట్టి, కాళ్ళు వ్రేలాడదీయించి, అట్టడాలు చేతికిచ్చి చూడండి. పాఠం సగమక్కడే పూర్తవుతుంది.

ఇక లెక్క. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలో పొలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు వ్రాసిన ప్రకారం, ఒక రోమను దళానికి 300 మంది రౌతులు. వారిని 30 మంది చొప్పున 10 గుంపులు చేసేవారు. ఒక్కొక్క గుంపుకు ముగ్గురు నాయకులు. మన పిల్లల తరగతిలో కూడా ముప్ఫై మందే కదా, అంతే ఒక గుంపు. ఆ గుర్రం ఎవరిదన్నది పెద్దలకు ఆసక్తి కలిగించే సంగతి. మైసూరు సీమలో సొంత గుర్రంతో కొలువు చేసేవాణ్ణి సిల్లేదారు అనీ, సర్కారు గుర్రమెక్కేవాణ్ణి బార్గీరు అనీ అనేవారు. తొలినాటి రోములో గుర్రమెక్కేది కలవారే. వారిలో కొందరికి గుర్రం ఖర్చు రాజ్యమే ఇచ్చేది. కాలక్రమాన ఆ కలవారు యుద్ధం మాని, "రౌతుల వర్గం" అన్న పేరు మాత్రం గొప్పకు నిలుపుకున్నారు. గుర్రం దిగినా బిరుదు దిగలేదన్నమాట!

మరి యుద్ధానికి పోయినదెవరు? ఇదే మా దృష్టిలో పాఠంలోని ప్రాణం. క్రీ.శ. 43లో బ్రిటను మీదికి దండెత్తేనాటికి రోము రౌతులలో అత్యధికులు రోమనులు కారు. గాలు దేశస్థులు, స్పెయిను వారు, థ్రేసు వారు, రైను నదీముఖాన ఉండే బటావియులు. ఇరవై అయిదేండ్లు కొలువు చేస్తే రోము పౌరసత్వం. ఆ హక్కును కంచు రేకుల మీద చెక్కి ఇచ్చేవారు. కోల్చెస్టరులో 1928లో ఒక సమాధిరాయి దొరికింది. దాని మీది రౌతు పేరు లోంగినుస్ స్డపెజె. సొంత ఊరు సర్డికా, అనగా నేటి బల్గేరియా రాజధాని సోఫియా. వయస్సు 40, కొలువు 15 ఏండ్లు. లోంగినుస్ అన్నది రోమను పేరు, స్డపెజె అన్నది థ్రేసు పేరు. బయట ఒక పేరు, ఇంట ఒక పేరు పెట్టుకొని బ్రదికే మన పిల్లలకు ఈ మనిషిని వేరే పరిచయం చేయనక్కరలేదు. పౌరసత్వానికి ఇంకా పదేండ్లుండగా పరాయి గడ్డ మీద పోయాడు.

ఆ రాయి దొరికినప్పుడు రౌతు ముఖం విరిగిపోయి ఉన్నది. క్రీ.శ. 60-61లో బూడికా రాణి తిరుగుబాటు చేసినప్పుడు ఆమె మనుషులే పగతో పగులగొట్టారని చాలాకాలం చెప్పుకున్నారు. 1996లో అదే చోట మరల త్రవ్వగా ఆ ముఖం దొరికింది. దానితో పగ కథ బలం తగ్గింది. పుస్తకంలో అచ్చయిన ప్రతి మాటా తిరుగులేనిది కాదని పసివారికి చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

ఉత్తరాన హెక్సాం దేవాలయంలో ఇట్టిదే మరొక రాయి, ఫ్లావినుస్ అనే ధ్వజధారిది. ఇరవై అయిదేండ్లకు మరణించాడు. రెండు రాళ్ళలోనూ గుర్రం కాళ్ళ క్రింద ఒక మనిషి నలిగిపోతూ ఉన్నాడు. బిడ్డలు మొదట చూచేది అతణ్ణే. "క్రింద పడినవాడెవరు తాతా?" అంటారు. అతడు ఈ దేశపువాడు, తన ఊరును కాపాడుకోవడానికి నిలిచినవాడు కావచ్చునని దాచకుండా చెప్పాలి. అతనికి రాయి లేదు, పేరు లేదు.

ఇక్కడనే మన వీరగల్లును తెచ్చి ప్రక్కన నిలబెట్టండి. కోలారు, చిక్కబళ్ళాపురం సీమలలో చెరువు గట్ల మీద, గుడి ప్రక్కల ఈ రాళ్ళు ఎన్నో. సాధారణంగా మూడు అంతస్తులు: క్రింద యుద్ధం, నడుమ వీరుణ్ణి అప్సరసలు మోసుకుపోవడం, పైన దేవుని సన్నిధి. చాలా రాళ్ళమీది వీరుడు రాజు కాడు. ఊరి ఆలమందలను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడు. రోము రాయి త్రొక్కినవానికి నిలిపినది. మనది అడ్డుపడి నేల కూలినవానికి నిలిపినది. మన రాజులు ఎవరినీ త్రొక్కలేదని కాదు. బెంగళూరు మ్యూజియంలో ఉన్న బేగూరు రాతి మీద కూడా గుర్రాలు, ఏనుగులు చాలినంత బీభత్సమే చేస్తున్నవి. అయినా ఆ రాయి నాగత్తర అనే వీరుడు పోరాడి మరణించినందుకు నిలిపినదే.

రోముకూ మనకూ ముడి కల్పించవలసిన పని లేదు, ముడి ఉన్నది. బెంగళూరు యశవంతపురంలో 1891లో 163 రోమను వెండి నాణేలు దొరికినవి. తెలంగాణలో నల్లగొండ సీమ అక్కనపల్లిలో వేయికి పైగా దొరికినవి. దక్షిణాపథంలో విరివిగా దొరికే ఒక రకం నాణెం మీద ఆగస్టస్ చక్రవర్తి పెంపుడు కొడుకులు ఇద్దరు, వారి నడుమ డాళ్ళు, ఈటెలు ఉంటవి. ఆ వెండి డాళ్ళనూ ఈటెలనూ వారికి బహూకరించినది పైన చెప్పిన రౌతుల వర్గమే. ఆ సంగతి ఆగస్టసే తన చరిత్రలో వ్రాసుకున్నాడు. ఆ రోజులలో రోమను కాలిబంటుకు సాలుకు 225 వెండి నాణేల జీతం. యశవంతపురం నిధి మొత్తం ఒక బంటు ఏడాది జీతానికి చాలదు. మిరియాల కొరకు, రత్నాల కొరకు వచ్చిన సొమ్ము అది.

మన వైపు సముద్రం దాటి వచ్చినవి గుర్రాలు. దక్షిణ దేశం మంచి గుర్రాలకు అనువైన నేల కాదు. హోర్ముజు, ఏడెనుల నుండి ఓడలలో తెప్పించేవారు. సాళువ నరసింహరాయలు (1485-91) గుర్రాల మీది ఆశతో, దారిలో చచ్చిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపిస్తే బ్రదికిన గుర్రం ధరే ఇచ్చేవాడని న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు వ్రాశాడు. ఈ కథకు నవ్వని బిడ్డ ఉండదు.

కడపట బిడ్డ అడగవచ్చు: థ్రేసువాడు రోము కోసం ఎందుకు చచ్చాడు? జవాబుకు మైసూరు లాన్సర్ల కథ చాలు. 1918 సెప్టెంబరు 23న మైసూరు, జోధపూరు సంస్థానాల రౌతులు ఈటెలు పట్టి, ఫిరంగులకు, మరతుపాకులకు ఎదురేగి, హైఫా పట్టణాన్ని తురుష్క సైన్యం నుండి పట్టుకున్నారు. హైదరాబాదు లాన్సర్లు కూడా అదే బ్రిగేడులోని వారు. ఒకప్పుడు రోము రౌతులు తిరిగిన నేల అది. మనవారు అక్కడ పోరాడినది బ్రిటిషు చక్రవర్తి కొరకు. ఢిల్లీ తీన్ మూర్తిలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రౌతులవే. మైసూరు లాన్సర్ల స్మారకం బెంగళూరు జయచామరాజేంద్ర నగరంలో ఉన్నది. సెలవులకు మంచేనహళ్ళి పోయేవారు దేవనహళ్ళిలో విమానం దిగి తిన్నగా ఊరికే పోకుండా, ఒక పూట నగరంలో ఆగి ఆ రాతినీ, బేగూరు రాతినీ పిల్లలకు చూపవచ్చును.