మజిలీలో కథ, పొద్దున నడక: ఉస్మాన్‌గంజ్ పరిసరాల్లో కాల్పనిక పలాయనం, స్వీయస్పృహ

మాంత్రికుల కథలు చదివే పిల్లవాడు చెడిపోతాడని, ఉద్యోగం గురించి కలలు కనే పిల్లవాడు బాగుపడతాడని మన ఇళ్ళలో పెద్దలకు గట్టి నమ్మకం. కల్పన ఎంత అసంభవమైతే అంత ప్రమాదం, ఎంత వాస్తవానికి దగ్గరైతే అంత క్షేమం అన్న లెక్క దాని వెనక ఉంది. ఈ లెక్కను తిరగవేయాలన్నది నా వాదన. మనిషి తనను తాను పోగొట్టుకోవడానికి రాక్షసులూ మాయామహళ్ళూ అక్కర్లేదు. జరగడానికి వీలున్న కల, అందులోనూ ఇంట్లో అందరూ మెచ్చుకునే కల, ఆ పని ఇంకా తేలిగ్గా చేస్తుంది. ఈ మాటకు ఆధారాలు కొన్ని తెలుగు కథాసంప్రదాయంలో, కొన్ని ఇటీవలి మనస్తత్వ పరిశోధనలో ఉన్నాయి. ఆ రెండూ కలిసి పరీక్షకు నిలిచే చోటు హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్.

ఉస్మాన్‌గంజ్ మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్నా జనం నోట పాత నగరమే. చింతపండు, బెల్లం, పప్పులు, నూనెలు, ఎండు ఫలాలు టోకున అమ్మే దుకాణాలు. బేగంబజార్, సిద్ధి అంబర్ బజార్, అఫ్జల్‌గంజ్ ఆనుకొని ఉంటాయి. హమాలీలు, ట్రాలీ ఆటోలు, గుమాస్తాలు, బేరాలు. అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936 నుంచి మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలో నడుస్తోంది. ఉర్దూ, పారసీ, తెలుగు గ్రంథాల కోసం పరిశోధకులు వచ్చే ఆ చోట ఇప్పుడు ఎక్కువగా కనిపించేది పోటీ పరీక్షల అభ్యర్థులు. గంజ్‌లో రెండు మూటల మధ్య దొరికిన తీరికలో ఫోన్‌లో ఆటలోకో సినిమాలోకో జారిపోయే కుర్రాణ్ణి చూసి సేఠ్ విసుక్కుంటాడు. లైబ్రరీ చెట్టు కింద కరెంట్ అఫైర్స్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తాను డిప్యూటీ కలెక్టరయ్యాక ఊళ్ళో కారు దిగే దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకునే కుర్రాణ్ణి ఎవరూ విసుక్కోరు. ఎందుకంటే అతని చేతిలో పుస్తకం ఉంది.

మొదట కథల సంగతి చూద్దాం. మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) పన్నెండు భాగాల కాశీమజిలీ కథలు తెలుగులో అద్భుతకథకు పెద్ద గని. వాటిలోని రాజకుమారులనూ శాపాలనూ గురించి చాలామంది రాశారు. ఆ కథలను ఇముడ్చుకున్న చట్రం మీద రావలసినంత చర్చ రాలేదని నాకనిపిస్తుంది. మణిసిద్ధుడనే యతికి కాశీ వెళ్ళాలని ఉంది, తోడు కావాలి. ఒక గోపబాలుడు షరతు మీద బయల్దేరతాడు: మజిలీ మజిలీకీ తాను అడిగిన కథ చెప్పాలి. బస చేసిన ఊళ్ళో పిల్లవాడు తిరిగి వస్తాడు, ఏదో వింత కంటబడుతుంది, దాని వెనక కథేమిటని అడుగుతాడు. యతి తన మణి మహిమతో తెలుసుకొని చెబుతాడు. కథ అయిపోతుంది, తెల్లవారుతుంది, మళ్ళీ నడక.

ఈ ఏర్పాటులో మూడు సంగతులున్నాయి. కథ పుట్టేది పిల్లవాడు తన కళ్ళతో చూసిన దానిలోంచి, గాలిలోంచి రాదు. కథకు హద్దు మజిలీ. నడుస్తూ వినేది కాదు, నడక ఆపేసి ఉండిపోయేదీ కాదు. మూడోది అన్నిటికంటే విలువైనది: పశువుల కాపరి ఎన్ని కథలు విన్నా రాజకుమారుణ్ణని అనుకోడు. వినేవాడు వినేవాడిగానే ఉంటాడు, కాళ్ళు నొప్పి పుడుతూనే ఉంటాయి. అద్భుతరసం పొంగి పొర్లే ఇంత పెద్ద గ్రంథం వినేవాడి ఉనికిని ఒక్క పూట కూడా చెరిపివేయదు.

ఆ కథల నుంచే ఊపిరి తీసుకున్న 'పాతాళభైరవి' (1951)లో ఇదే సంగతి వేరే రూపంలో కనిపిస్తుంది. కె.వి.రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనలో తోటరాముడు తోటమాలి కొడుకు. రాకుమారి ఇందుమతి కావాలంటే సంపద కావాలి. పాతాళభైరవి విగ్రహం దక్కుతుంది, మేడ లేస్తుంది. పేదవాడి కల అంతటితో తీరిపోతే సినిమా అక్కడే ఆగాలి. ఆగలేదు. విగ్రహం, దానికోసం కాచుకున్న మాంత్రికుడి చేతికి వెళ్ళగానే మేడా పోయింది, ఇందుమతీ పోయింది. రాముడి చేతిలో మిగిలినవి ధైర్యం, అంజి స్నేహం, తెలివి. రెండోసారి గెలుపు వాటితోనే. ఈ చిత్రాన్ని తీసిన విజయా వారి సినిమాలు జనాన్ని మాయలో ముంచాయని విమర్శించేవాళ్ళు ఈ రెండో సగాన్ని గమనించినట్టు లేదు.

ఇక్కడ 16వ శతాబ్దపు పింగళి సూరన 'కళాపూర్ణోదయం' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే కల తీరాక మనిషి ఏమవుతాడన్న ప్రశ్నను ఆయనంత నిర్దయగా అడిగినవారు మన సాహిత్యంలో తక్కువ. కలభాషిణికి నలకూబరుడి మీద మనసు. నలకూబరుడు రంభ ప్రియుడు. నారదుడి అనుగ్రహంతో కలభాషిణికి కోరిన రూపం ధరించే శక్తి వస్తుంది. ఆమె రంభ అవుతుంది. అటు గంధర్వుడైన మణికంధరుడి తపస్సు చెడగొట్టడానికి రంభ వస్తుంది, అతనికి దక్కుతుంది కూడా. కానీ సరసవేళ ఆమె నోట వచ్చిన పేరు నలకూబరుడిది. ఆ గాయంతో మణికంధరుడు నలకూబరుడి రూపం తాలుస్తాడు. రంభ రూపంలోని కలభాషిణీ, నలకూబరుడి రూపంలోని మణికంధరుడూ ఒకరికొకరు ఎదురుపడతారు. తాను కోరిన మనిషే దొరికాడని ఆమె అనుకుంటుంది.

ఇక్కడ ఎవరి కోరిక తీరింది? కలభాషిణికి నలకూబరుడి ముఖం దక్కింది, నలకూబరుడు దక్కలేదు. ఆ ప్రేమ అందుకున్నది రంభ ముఖం. కలభాషిణిగా ఆమెను ఎవరూ చూడనే లేదు. కల నూటికి నూరుపాళ్ళు నెరవేరింది, కలగన్న మనిషి మాత్రం ఆ గదిలో లేదు. అసలు రంభ వచ్చి నేనే రంభనని నిలదీసేదాకా ఈ లోటు బయటపడదు. మారుపేరుతో, అరువు ఫోటోతో ఇంకొకరిని ప్రేమించే మన కాలపు కుర్రకారును సూరన చూడలేదు. వాళ్ళ చిక్కు మాత్రం ఆయనకు బాగా తెలుసు.

దక్కనీలోనూ ఈ ఆలోచన ఉంది. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో ముల్లా వజ్హీ 1635లో రాసిన 'సబ్‌రస్'లో పాత్రలన్నీ మనసు భాగాలే. అఖల్ (బుద్ధి) అనే రాజుకు దిల్ (హృదయం) అనే కొడుకు. శరీరమనే కోటకు పాలకుడు. అమృతజలం ఉందని విని దానిమీదే ధ్యాస పెట్టుకుంటాడు, వెతకడానికి నజర్‌ను (చూపును) పంపుతాడు. కోటను వదిలిన ధ్యాసకు కోట పెట్టే ఖర్చు ఎంత అన్నది ఆ పుస్తకం నిండా నలిగే విషయం.

ఇక పరిశోధనల సంగతి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఎలీ సోమర్ 2002లో ఆరుగురు రోగుల ఆధారంగా, జీవితాన్ని ఆక్రమించే పగటికలలకు ఒక పేరు పెట్టి వర్ణించాడు. గంటల తరబడి, పాత్రలూ కథాక్రమమూ ఉన్న లోకాల్లో బతికేవాళ్ళు వాళ్ళు. 2016లో దీన్ని కొలిచే ప్రశ్నావళి వచ్చింది. వైద్యుల అధికారిక వ్యాధుల జాబితాల్లో దీనికి ఇంకా చోటు లేదు. వీడియో ఆటల వ్యసనానికి మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి వచ్చిన 11వ వర్గీకరణలో చోటిచ్చింది. ఈ కొలమానాలు ప్రధానంగా పట్టిచూసేది కలలోని వస్తువును కాదు. దాన్ని ఆపగలరా, ఆపితే బాధగా ఉందా, పని, చదువు, మనుషులతో సంబంధాలు దెబ్బతింటున్నాయా అన్నదే వాటికి ముఖ్యం. కలలో డ్రాగన్ ఉందా డిప్యూటీ కలెక్టర్ ఉన్నాడా అన్నది వాటికి పెద్ద లెక్కలోది కాదు.

నార్వే పరిశోధకుడు ఫ్రోడ్ స్టెన్‌సెంగ్, సహచరులు 2012లో చేసిన విభజన ఇంకా పనికొస్తుంది. పలాయనం రెండు రకాలన్నారు: తనను తాను మరిచిపోవడానికి వెళ్ళేది, తనను తాను విస్తరించుకోవడానికి వెళ్ళేది. పని ఒకటే కావచ్చు, ఆటే కావచ్చు, సినిమానే కావచ్చు. వెళ్ళే కారణం వేరు. మొదటిదానికి నిస్పృహతో, రెండోదానికి సంతోషంతో సంబంధం కనిపించింది. గోపబాలుడిది రెండో రకం, రంభ వేషంలోని కలభాషిణిది మొదటి రకం అని నేనంటాను. ఆంగ్ల రచయిత టోల్కీన్ అద్భుతకథల మీద 1939 ఉపన్యాసంలో బందీ పారిపోవడానికీ సైనికుడు పారిపోవడానికీ తేడా చూపాడు. స్టెన్‌సెంగ్ విభజన దాని కంటే సూటిగా ఉంది, ఎందుకంటే జైలెవరు కట్టారన్న వాదన అక్కర్లేకుండానే తేలుతుంది.

నా వాదనకు అసలు బలం గాబ్రియేల్ ఓటింగెన్, డోరిస్ మేయర్ 2002లో ప్రచురించిన పరిశోధన. చదువు ముగించబోతున్న జర్మన్ విద్యార్థులను ఉద్యోగం గురించి రెండు విషయాలు అడిగారు: వస్తుందని ఎంత నమ్మకం, వచ్చినట్టు ఎంత తరచుగా ఊహించుకుంటారు. రెండేళ్ళ తరువాత చూస్తే, తీయని ఊహలు ఎక్కువగా కన్నవాళ్ళు తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్ళకు తక్కువ అవకాశాలు వచ్చాయి, జీతాలూ తక్కువే. వస్తుందన్న నమ్మకం మేలు చేసింది. వచ్చేసినట్టు చూసుకోవడం కీడు చేసింది. 2011లో హెదర్ కాపెస్‌తో కలిసి ఓటింగెన్ మరో సంగతి చూపింది: తీయని ఊహ తరువాత శరీరంలో రక్తపోటు తగ్గి, పనికి కావలసిన ఉత్సాహం చల్లబడుతుంది. మనసు గమ్యం చేరినట్టు లెక్కేసుకుంటుంది. తోటరాముడి మేడ మాయమైనప్పుడు అది మాయ అని అందరికీ తెలుసు. డిప్యూటీ కలెక్టర్ కుర్చీకి అలాంటి గుర్తేమీ లేదు, అందుకే అందులోంచి బయటికి రావడం కష్టం.

అయితే ఈ ఫలితాన్ని లైబ్రరీ చెట్టు కింది కుర్రాడి మీద అలాగే రుద్దితే అన్యాయమవుతుంది. తెలంగాణలో డిప్యూటీ కలెక్టర్ పోస్టులకు దారైన గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. ఆ అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఇన్నిసార్లు దారి తుడిచేసిన చోట నిలబడ్డవాడు గమ్యాన్నే చూస్తూ కూర్చుంటే తప్పంతా అతనిదే అనలేం. జర్మన్ విద్యార్థికి దరఖాస్తు పెట్టడం తన చేతిలో పని. ఇక్కడ పరీక్ష జరగడమే తన చేతిలో లేదు. చేయడానికి పనే లేనప్పుడు కలే పని అవుతుంది.

గరిష్ఠ వయసు సంగతి కూడా ఇందులోదే. 2022లో పదేళ్ళు పెంచి 44 చేసిన పరిమితిని 2024లో 46కు తెచ్చారు. నోటిఫికేషన్లు లేక నష్టపోయినవాళ్ళకు అది న్యాయమే. కానీ కల విషయంలో దాని ఫలితం వేరు. కేంద్ర సివిల్ సర్వీసు పరీక్షలో సాధారణ అభ్యర్థికి ఆరు ప్రయత్నాలు, 32 ఏళ్ళు. ఆపైన తలుపు మూసుకుంటుంది, చేదుగానైనా కొత్త దారి వెతుక్కోవాలి. 2024లో ఇక్కడ మజిలీ 46 దాకా సాగింది. పెళ్ళి, కౌలు, తండ్రి దుకాణం, ఉస్మాన్‌గంజ్‌లో గుమాస్తా పని, అన్నీ 'పోస్టు వచ్చాక' అన్న ఖాతాలోకి వెళ్తాయి. రోజూ గోదాములో లెక్కలు రాసి సాయంత్రం లైబ్రరీకి వచ్చే అభ్యర్థి గుమాస్తాగా గడిపిన పదేళ్ళను తన జీవితంలో లెక్కవేసుకోకపోతే అది కలభాషిణి స్థితే. రంభ ముఖం ఇంకా రానూ లేదు, సొంత ముఖం అప్పటికే పక్కన పెట్టేశాడు.

ఓటింగెన్ ప్రయోగాలు చెప్పే ఉపాయం చాలా సాదాది. కోరినది ఊహించు, వెంటనే దానికి అడ్డుపడుతున్నదాన్ని అంతే స్పష్టంగా ఊహించు, ఆ అడ్డు ఎదురైన ఘడియలో ఏం చేస్తావో రాసుకో. అడ్డు దాటగలిగేదైతే పట్టుదల పెరుగుతుంది. దాటలేనిదైతే వదిలేయడం తేలికవుతుంది. ఆ రెండో ఫలితాన్ని కోచింగ్ సెంటర్ల గోడలు ఎక్కడా ప్రకటించవు. అఫ్జల్‌గంజ్ అభ్యర్థులకు దీన్ని అన్వయిస్తే, అడ్డుల జాబితాలో సిలబస్, జ్ఞాపకశక్తి మాత్రమే రాస్తే సరిపోదు. నోటిఫికేషన్ రాని ఏడాదీ, రద్దయ్యే పరీక్షా కూడా అందులో ఉండాలి. ఆ ఏడాది ఏ పని చేసి ఏం సంపాదిస్తాడో, ఎన్నో ప్రయత్నం తరువాత గంజ్‌లోనో ఊళ్ళోనో పూర్తిగా కుదురుకుంటాడో తేదీతో సహా దాని పక్కన రాసి ఉండాలి.