ఎర్రగుడి బండ, యవన భాష, మన సంఘము: కొన్ని పదాల చరిత్ర

తెలుగు బైబిలు చదివేవారికి సంఘము, దైవభక్తి, ప్రకటించుట, అధ్యక్షుడు అనే మాటలు కేవలం ఆరాధనకు సంబంధించిన మాటలుగానే వినిపిస్తాయి. ఇవి మొదటినుండి మందిరానికి చెందినవే అన్నట్టు మనం వాడుతున్నాం. అయితే వీటి వెనుక ఉన్న గ్రీకు మాటలలో చాలావరకు మందిరంలో పుట్టినవి కావు. ఊరి నడిబొడ్డున పౌరులు కూడే చోట, న్యాయస్థానంలో, అధికారుల కొలువులో పుట్టి, తరువాత విశ్వాస భాషలోకి వచ్చినవి. ఈ సంగతి మరచిపోతే ఆ మాటల బరువులో సగం మనకు దక్కదు. దీనిని గ్రహించడానికి ఏథెన్సు దాకా వెళ్లనవసరం లేదు. కర్నూలు జిల్లాలోని ఒక కొండబండ దగ్గర మొదలుపెట్టవచ్చు.

ఎర్రగుడిలో యవన రాజులు

గుత్తినుండి పత్తికొండకు పోయే దారిలో, గుత్తికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఎర్రగుడి ఉంది. ఆ ఊరి దగ్గరి గుట్టమీది బండలపై మౌర్య చక్రవర్తి అశోకుని శాసనాలు ఉన్నాయి. 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని గుర్తించేవరకు పండితలోకానికి వీటి సంగతి తెలియదు. పదునాలుగు ప్రధాన శిలాశాసనాలు, వాటితోపాటు రెండు చిన్న శిలాశాసనాలు ఒకే చోట ఉండడం దీని ప్రత్యేకత. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, మరికొన్ని కుడినుండి ఎడమకు చెక్కారు. ఇటువంటి రాతను గ్రీకులు బూస్త్రోఫెదోన్ అన్నారు. చాలు చివర ఎద్దులు మళ్లినట్టు మళ్లే రాత అని దాని అర్థం. సేద్యం తెలిసిన సీమ రైతుకు ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు.

పదమూడవ ప్రధాన శాసనంలో అశోకుడు తన ధమ్మము వ్యాపించిన దేశాలను లెక్కపెడుతూ ఐదుగురు యవన రాజులను పేర్కొన్నాడు. వీరిని సిరియా పాలకుడు రెండవ అంతియొకస్, ఐగుప్తు పాలకుడు రెండవ తొలెమీ, మాసిదోనియా పాలకుడు అంతిగోనస్, కురేనే పాలకుడు మగస్, అలెగ్జాండర్ అనే మరొక రాజుగా చరిత్రకారులు గుర్తించారు. ఆంధ్రుల పేరు కూడా ఆ శాసనంలోనే ఉంది. అనగా క్రీ.పూ. మూడవ శతాబ్దిలో ఆంధ్రులు, గ్రీకు రాజులు ఒకే శాసనపాఠంలో చోటు చేసుకొన్నారు.

వీరిలో రెండవ తొలెమీని వేదాంత విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మోషే ధర్మశాస్త్రాన్ని హెబ్రీనుండి గ్రీకులోకి అనువదింపజేసినవాడు ఇతడే అని అరిస్తెయస్ లేఖ అనే ప్రాచీన రచన చెబుతుంది. అందులోని వివరాలు చాలావరకు కథలేనని పరిశోధకుల అభిప్రాయం. అయినప్పటికీ, క్రీ.పూ. మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో ఆ అనువాదం మొదలయిందని సాధారణంగా అంగీకరిస్తారు. కాబట్టి ఇంచుమించు ఒకే కాలంలో రెండు అనువాద ప్రయత్నాలు జరిగాయి. ఒకటి యెరూషలేము విశ్వాసాన్ని గ్రీకులో చెప్పింది. మరొకటి పాటలీపుత్రపు ధమ్మాన్ని గ్రీకులో చెప్పింది.

ధమ్మము, యూసెబెయా, దైవభక్తి

రెండవ ప్రయత్నానికి సాక్ష్యం ఆఫ్ఘనిస్తానులో దొరికింది. కాందహారు దగ్గర 1958లో గ్రీకు, అరామిక్ భాషలలో ఉన్న అశోకుని శాసనం బయటపడింది. కొన్ని సంవత్సరాల తరువాత మరొక గ్రీకు శిలాఫలకం దొరికింది. అందులో పన్నెండవ శాసనం చివరి భాగము, పదమూడవ దాని ఆరంభము ఉన్నాయి. ఎర్రగుడిలో ప్రాకృతంలో ఉన్న సందేశమే ఇక్కడ గ్రీకులో ఉంది.

ధమ్మము అనే మాటకు అనువాదకుడు యూసెబెయా అనే మాట ఎన్నుకొన్నాడు. గ్రీకు సమాజంలో యూసెబెయా అంటే దేవతలపట్ల, తలిదండ్రులపట్ల, చనిపోయినవారిపట్ల, తన పట్టణంపట్ల చూపవలసిన భయభక్తులు. అది వ్యక్తిగత మనోభావం మాత్రమే కాదు, పౌరధర్మం. దానికి వ్యతిరేకమైనది నేరం. క్రీ.పూ. 399లో సోక్రటీసుపై ఏథెన్సు న్యాయస్థానంలో మోపబడిన అభియోగం అదే. తలిదండ్రుల మాట వినుట, ప్రాణులపట్ల దయ, సత్యము అనేవాటిని కలిపి అశోకుడు ధమ్మము అన్నాడు గనుక, అనువాదకుని ఎన్నిక తెలివైనదే.

ఇదే యూసెబెయా క్రొత్త నిబంధనలో, ముఖ్యంగా తిమోతి, తీతు పత్రికలలో కనిపిస్తుంది. మన తెలుగు బైబిలులో అది భక్తి, దైవభక్తి అయింది. దైవభక్తి అనగానే మన మనసు ప్రార్థనవైపు, ఉపవాసంవైపు పోతుంది. అయితే మొదటి తిమోతి పత్రిక ఐదవ అధ్యాయంలో విధవరాలి పిల్లలు, మనుమలు తమ ఇంటివారిని ఆదరించడాన్ని చెప్పేటప్పుడు అపొస్తలుడు ఇదే ధాతువునుండి వచ్చిన క్రియను వాడాడు. ముసలి తల్లికి అన్నం పెట్టడం ఆ మాట అర్థంలో భాగమే. కాందహారు అనువాదకునికి ఈ సంగతి తెలుసు. మనకు కూడా తెలియవలసి ఉంది.

పన్నెండవ శాసనం ఇతరుల మతశాఖలను గౌరవించమని, తన శాఖను పొగడి పరశాఖను నిందించవద్దని బోధిస్తుంది. గ్రీకు పాఠం నాలుకను అదుపులో పెట్టుకోవడాన్ని ఎంక్రతెయాలో శ్రేష్ఠమైనదిగా చెబుతుంది. గలతీ పత్రికలోని ఆత్మఫలములలో ఆశానిగ్రహము అని మనం చదివేది ఈ ఎంక్రతెయాయే. ఇక మతశాఖ అనడానికి అశోకుడు వాడిన మాట పాసండ. ఆనాడు అందులో నింద లేదు. తరువాతి కాలంలో అదే మాట పాషండుడు అనే తిట్టుగా మారింది. గ్రీకులో హైరెసిస్ గతి కూడా అంతే. మొదట ఎన్నిక అని, ఆ తరువాత ఒక బోధను అనుసరించే వర్గమని అర్థమిచ్చిన ఆ మాట చివరకు దుర్బోధ అయింది. మన అపొస్తలుల కార్యములలో అదే మాట సద్దూకయ్యుల విషయంలో తెగ, నజరేయుల విషయంలో మతభేదము అయింది. అధికారం ఎవరి చేతిలో ఉందో దానినిబట్టి మాటల గౌరవం పెరగడం, తరగడం రెండు దేశాలలోను జరిగింది.

కాహాల్, ఎక్లేసియా, సంఘము

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. ఎక్లేసియా అంటే ఏథెన్సులో పౌరులందరి సభ. న్యిక్స్ అనే గుట్టమీద అది కూడేది. క్రీ.పూ. నాలుగవ శతాబ్దిలో సంవత్సరానికి 40 సమావేశాలు జరిగేవి. కొన్ని తీర్మానాలకు 6,000 మంది హాజరు తప్పనిసరి. మాట్లాడగోరువారెవరని చాటింపుదారుడు అడిగితే, ఏ పౌరుడైనా లేచి మాట్లాడవచ్చు. కూలి పోగొట్టుకొని వచ్చే పేదవానికి హాజరు భత్యం కూడా ఇచ్చేవారు. అయితే స్త్రీలకు, దాసులకు, పరదేశులకు అందులో చోటు లేదు.

అలెగ్జాండ్రియా అనువాదకులు ఇశ్రాయేలీయుల సమాజాన్ని సూచించే కాహాల్ అనే హెబ్రీ మాటకు ఆదికాండమునుండి సంఖ్యాకాండమువరకు సునగోగే అనే మాట వాడి, ద్వితీయోపదేశకాండములో ఎక్లేసియా అనే మాటను ప్రవేశపెట్టారు. దేవుని యెదుట కూడిన ప్రజ ఒక పౌరసభవంటిదని ఆ ఎన్నిక సూచిస్తుంది. పౌలు తన పత్రికలలో ఈ మాటను కొరింథు, థెస్సలొనీక వంటి పట్టణాల చిన్న విశ్వాస సమూహాలకు వాడినప్పుడు వినేవారికి రెండు అర్థాలూ స్ఫురించి ఉంటాయి. పట్టణపు ఎక్లేసియాలో అడుగుపెట్టనివ్వని దాసుడు, స్త్రీ ఈ ఎక్లేసియాలో సభ్యులు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

తెలుగులో ఈ దారి మనకు కనబడదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో కాహాల్ మనకు సమాజము అయింది. క్రొత్త నిబంధనలో ఎక్లేసియా సంఘము అయింది. ఎఫెసు పట్టణంలో గలిబిలి జరిగిన సందర్భంలో, అనగా అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో, అదే ఎక్లేసియా సభ అయింది. అక్కడ అది క్రైస్తవుల కూడిక కాదు, పట్టణపు జనుల కూడిక గనుక అనువాదకులు మాట మార్చారు. వారిని తప్పుపట్టలేము. కానీ మూలంలో ఒకే మాటగా ఉన్నది మనకు మూడు మాటలుగా చీలిపోయింది. సంఘానికీ సభకూ మధ్య చుట్టరికం ఉందని తెలుగు పాఠకుడు ఊహించలేకపోతున్నాడు.

ఇందులో మరొక విశేషం ఉంది. సంఘము అనే మాట మిషనరీలతో వచ్చినది కాదు. ఎర్రగుడి చిన్న శాసనంలో అశోకుడు తాను సంఘానికి సమీపించి సంవత్సరానికి పైగా అయిందని చెప్పుకొన్నాడు. అక్కడ అది బౌద్ధ భిక్షువుల సంఘం. మనం ఎక్లేసియాకు పెట్టుకొన్న పేరు, ఇప్పటికి సుమారు 2,250 సంవత్సరాల క్రిందటే కర్నూలు సీమలో రాతిమీద చెక్కబడి ఉంది.

చాటింపు వేసేవాడు

అదే చిన్న శాసనంలో రాజాజ్ఞ ఊళ్లకు ఎలా చేరాలో కూడా ఉంది. రజ్జుకుడనే అధికారి భేరి మోగించి జనపదానికి తెలియజేయాలి. ఏనుగులనెక్కేవారు, కరణకులు తదితరులు తమ క్రిందివారికి బోధించాలి. కరణకుడు అంటే లేఖకుడు. 1984లో రద్దయ్యేవరకు మన ఊళ్లలో లెక్కలు వ్రాసిన కరణం పదవిని ఆ మాట గుర్తుచేస్తుంది.

గ్రీకు పట్టణంలో ఈ పని చేసేవాడు కేరుక్స్. అతడు చాటేది కేరుగ్మా. మనం సువార్త ప్రకటించుట అనే చోట ఉన్నది ఈ ధాతువే. సీమ పల్లెల్లో దీనికి సరియైన మాట చాటింపు. తప్పెట కొట్టి చాటింపు వేసినవాడు ఎవరు? అంటరానివారని ఊరు వెలిగా ఉంచిన పల్లెవాడు. ఊరందరికీ కబురు చెప్పేది అతడే. ఆ కబురు విని రచ్చబండమీద పెద్దలు కూర్చున్నప్పుడు దూరంగా నిలుచునేదీ అతడే. అతనికి గొంతు ఉంది, సభలో చోటు లేదు.

సీమలో సంఘము

ఈ నేపథ్యంలో కడప, కర్నూలు జిల్లాల క్రైస్తవ చరిత్రను చూడాలి. 1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని ప్రారంభించింది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యనుండి ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల, జమ్మలమడుగు ప్రాంతాల పల్లెలలో ముందు మాలలు, తరువాత మాదిగలు కుటుంబాలు కుటుంబాలుగా సంఘంలో చేరారు. పగలు బడి, ఆదివారం మందిరంగా ఉన్న చిన్న గదిలో వారు కూర్చున్నారు. రచ్చబండ దగ్గర నిలుచున్నవారు కూర్చుని మాట్లాడిన మొదటి సభ చాలా పల్లెల్లో అదే. పౌలు నాటి దాసునికి కొరింథులో కలిగిన అనుభవానికి ఇది దగ్గరగా ఉంది.

అయితే ఆ మాటకు తగినట్టు మనం నడుచుకొన్నామా అనే ప్రశ్న మిగిలే ఉంది. ఒకే సంఘమని చెప్పుకొంటూ పాలెం పాలెంకు వేరు మందిరాలు ఉన్న ఊళ్లు మనకు తెలుసు. పెళ్లి సంబంధాల దగ్గర సంఘము ఆగిపోయి కులము మొదలవడం తెలుసు. నిర్ణయాలు నలుగురు పెద్దలు చేయగా తక్కినవారు విని లేచిపోవడం తెలుసు. అటువంటిచోట సంఘము అనే పేరున్నది గాని ఎక్లేసియా లేదు.

మంచి సూచనలు లేకపోలేదు. బిషప్పు అనే మాటకు మూలం ఎపిస్కొపోస్. ఏథెన్సు తనకు లోబడిన పట్టణాలకు పంపిన పర్యవేక్షకాధికారికి అది పేరు. మన బైబిలులో అధ్యక్షుడు. ఏథెన్సు స్త్రీ న్యిక్స్ గుట్టపై మాట్లాడలేకపోయింది, అధికారి కాలేకపోయింది. 2013లో నంద్యాల డయోసిస్‌లో ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘపు తొలి మహిళా బిషప్పుగా అభిషేకించబడ్డారు. సభనుండి మినహాయింపబడినవారు సభకు అధ్యక్షులు కావచ్చునని కర్నూలు సీమ చూపించింది.

పదచరిత్ర పాండిత్య వినోదం కాదు. అనువాదకులు మనకు మంచి మాటలనే ఇచ్చారు. ఆ మాటలు రచ్చబండనుండి, న్యాయస్థానంనుండి, చాటింపుదారుని నోటినుండి వచ్చాయని గుర్తుంచుకొన్నప్పుడే అవి మనలను ప్రశ్నించగలవు. ఎర్రగుడి బండ ఎక్కినవారు ఆ పంక్తుల ముందు ఒక్క క్షణం నిలిచి, మా ఊరి సంఘంలో ఇంకా మాట్లాడనివారెవరు అని ఆలోచిస్తే ఆ ప్రయాణం వృథా కాదు.